నీటితో భారమెత్తిన బ్రూనెల్

క్షీరసాగర మథన సమయంలో మందరగిరి ఆధారం లేక కడలిలో మునిగిపోగా, శ్రీహరి కూర్మరూపం ధరించి దానిని అడుగునుండి ఎత్తి నిలిపిన ఘట్టం తెలుగువారికి చిరపరిచితం. భాగవతం అష్టమ స్కంధంలో పోతన దానిని మనోహరంగా వర్ణించాడు. దేవదానవులందరూ కూడి లాగినా ఆ కొండను నీటిపై నిలుపలేకపోయారు. నీటిలో తేలుతూ క్రిందినుండి మోసిన వీపు మాత్రమే ఆ భారానికి ఆధారమైంది. మిక్కిలి బరువైన వస్తువును నీటి నడుమ నిలపాలంటే నీటినే ఆధారంగా చేసుకోవాలన్న సూక్ష్మం ఈ కథలో ఇమిడి ఉంది.

నేటి సముద్ర నిర్మాణాలకు కూడా ఈ సూక్ష్మమే మూలం. బొంబాయి హైలోనూ, కృష్ణా గోదావరీ ముఖద్వారాల ఎదుట బంగాళాఖాతంలోనూ చమురు, సహజవాయువు వెలికితీసే ఉక్కు వేదికలు కడలిలో నిలిచి ఉన్నాయి. ఇట్టి వేదికల భాగాలను ఒడ్డున నిర్మించి, సముద్రం మీదికి చేర్చిన తరువాత, ఎత్తి అమర్చడానికి బృహత్తరమైన క్రేన్ నౌకలు ఉన్నాయి. 2019లో పని ప్రారంభించిన స్లైప్నిర్ అనే నౌకపై ఒక్కొక్కటి 10,000 టన్నులు ఎత్తగల రెండు క్రేన్లు ఉన్నాయి. అదే సంవత్సరం మధ్యధరా సముద్రంలో ఆ నౌక 15,300 టన్నుల నిర్మాణాన్ని ఒక్కమారుగా ఎత్తి దాని ఆధారాలపై దించింది. క్రేన్ భారమెత్తినప్పుడు నౌక ఒకవైపుకు ఒరగకుండా, నౌకాగర్భంలోని తొట్లలోకి నీటిని నింపుతూ, తోడుతూ సమతౌల్యాన్ని కాపాడుతారు. కంటికి కనిపించేది క్రేన్. కనిపించకుండా పనిచేసేది నీరు.

సముద్ర నిర్మాణాలకు క్రేన్ నౌకలు రావడానికి ఒక శతాబ్దం ముందే ఈ విద్యకు బాటలు వేసిన వారిలో అగ్రగణ్యుడు ఇంగ్లండు ఇంజనీరు ఇసంబార్డ్ కింగ్‌డమ్ బ్రూనెల్. 1857లో, రెండు నెలల వ్యవధిలో, ఆయన జీవితంలో రెండు దినాలు వచ్చాయి. మొదటి దినాన వేయి టన్నుల ఇనుము ఆయన చేతి సైగకు కదిలింది. రెండవ దినాన పన్నెండు వేల టన్నుల ఇనుము ఆయన ఆజ్ఞకు కదలలేదు. ఆ రెండు దినాల మధ్య గల భేదం తెలిస్తే బ్రూనెల్ జీవితం అర్థమవుతుంది.

బ్రూనెల్ 1806 ఏప్రిల్ 9న పోర్ట్స్‌మత్ రేవుపట్టణంలో జన్మించాడు. తండ్రి మార్క్ బ్రూనెల్ ఫ్రెంచి విప్లవ కాలంలో స్వదేశం విడిచి అమెరికాకు, అక్కడినుండి ఇంగ్లండుకు వచ్చి స్థిరపడిన ఇంజనీరు. తల్లి సోఫియా కింగ్‌డమ్ ఆంగ్లవనిత. తెరచాపల ఓడలపై మోకులు లాగడానికి కప్పీలు కావాలి. ఒక్కొక్క పెద్ద యుద్ధనౌకకు అవి వందలకొద్దీ అవసరం. ఆ కప్పీలను చేతిపనితో కాక యంత్రాలతో తయారుచేసే పద్ధతిని మార్క్ రూపొందించాడు. పోర్ట్స్‌మత్ నౌకాశాలలో ఆ యంత్రాలు నెలకొన్న తరువాత నూటపదిమంది నిపుణుల పనిని పదిమంది సామాన్య కార్మికులే చేయగలిగారు. తక్కువ బలంతో ఎక్కువ బరువు ఎత్తించే సాధనం కప్పీ. ఆ కప్పీల ఊరిలో పుట్టిన బిడ్డ తన జీవితమంతా బరువులతోనే తలపడ్డాడు.

బాల్యంలోనే ఇసంబార్డ్ తండ్రి వద్ద చిత్రలేఖనం, రేఖాగణితం అభ్యసించాడు. పద్నాలుగవ ఏట చదువుకోసం ఫ్రాన్సు వెళ్లాడు. అక్కడ ప్రసిద్ధ గడియార నిర్మాత అబ్రహాం లూయీ బ్రెగే వద్ద కొంతకాలం శిష్యరికం చేశాడు. వెంట్రుకవాసి తేడాను సైతం సహించని శిల్పం అది. కుమారుడు ఫ్రాన్సులో ఉండగానే, 1821లో తండ్రి అప్పులపాలై కారాగారం పాలయ్యాడు. అట్టి ప్రతిభాశాలిని పరదేశానికి పోనీయడం క్షేమకరం కాదని తలచి ప్రభుత్వం 5,000 పౌండ్లు చెల్లించి ఆయనను విడిపించింది. ఎంతటి నిర్మాతకైనా ధనబలం తోడు లేకపోతే ఎట్టి దుర్దశ సంభవిస్తుందో కుమారుడు పిన్న వయసులోనే చూశాడు. అదే చిక్కు తన జీవితపు చివరి అంకంలో తననూ చుట్టుకోగలదని అతడు అప్పుడు ఎరుగడు.

1825లో మార్క్ బ్రూనెల్ లండన్ నగరంలో థేమ్స్ నది అడుగున సొరంగం త్రవ్వడం ప్రారంభించాడు. నౌకలు తిరిగే నది క్రింద అట్టి సొరంగాన్ని అంతకుముందు ఎవరూ పూర్తి చేయలేదు. కొద్దికాలానికే కుమారుడు అక్కడి పనులకు పర్యవేక్షకుడైనాడు. 1827 మే నెలలో నది పైకప్పును చీల్చుకొని సొరంగంలోకి దూకింది. ఇసంబార్డ్ గంట ఆకారం గల ఇనుప పేటికలో కూర్చుండి నది అడుగుకు దిగి, పడిన గండిని స్వయంగా పరిశీలించాడు. బంకమట్టి నింపిన సంచులతో ఆ గండిని పూడ్పించాడు. 1828 జనవరి 12న నీరు మరల లోపలికి చొచ్చింది. ఆరుగురు కార్మికులు ప్రాణాలు కోల్పోయారు. ప్రవాహంలో కొట్టుకుపోయిన ఇసంబార్డ్ తీవ్రంగా గాయపడినా బ్రతికి బయటపడ్డాడు. పని ఏళ్ల తరబడి నిలిచిపోయి, చివరకు 1843లో సొరంగం పూర్తయింది. నీరు ఎంతటి బరువైనదో, ఎంత చిన్న సందు దొరికినా ఎంతటి వినాశం చేయగలదో బ్రూనెల్ పుస్తకాలలో చదివి తెలుసుకోలేదు. తన దేహంతో తెలుసుకున్నాడు.

1833లో, ఇరవైయేడవ ఏట, లండన్ నుండి బ్రిస్టల్ వరకు నిర్మించ తలపెట్టిన గ్రేట్ వెస్టర్న్ రైలుమార్గానికి ఆయన ఇంజనీరుగా నియమితుడైనాడు. 1841లో ఆ మార్గం పూర్తయింది. రైలుమార్గం బ్రిస్టల్‌తో ఆగిపోనేల, అక్కడినుండి నౌకలో అమెరికా వరకు సాగరాదా అని ఆయన ఆలోచించాడు. అట్లాంటిక్ దాటడానికి కావలసినంత బొగ్గును ఆవిరినౌక మోయలేదని అనేకులు నమ్మిన కాలమది. నౌక పరిమాణం పెరిగినకొద్దీ అది మోయగల బరువు, దానికి నీరు కలిగించే నిరోధం కంటే ఎంతో త్వరగా పెరుగుతుందని బ్రూనెల్ గ్రహించాడు. కావున నౌకను పెద్దది చేయడమే దానికి పరిష్కారం. 1838లో ఆయన రూపొందించిన గ్రేట్ వెస్టర్న్ నౌక పదిహేను రోజులలో అట్లాంటిక్ దాటి, బొగ్గు మిగుల్చుకొని మరీ న్యూయార్క్ చేరింది. 1843లో జలప్రవేశం చేసిన గ్రేట్ బ్రిటన్ ఇనుముతో నిర్మితమై, ప్రొపెల్లర్‌తో నడిచిన తొలి మహాసముద్ర నౌక.

అన్ని ప్రయత్నాలూ ఫలించాయని చెప్పరాదు. ఇంజన్లు లేకుండా గొట్టంలోని వాయుపీడనంతో రైళ్లను నడిపే పద్ధతిని ఆయన దక్షిణ డెవన్ ప్రాంతంలో ప్రవేశపెట్టాడు. గొట్టం పైనుండే తోలు మూత చెడిపోయి గాలి చొరబడడంతో 1848లో దానిని విడిచిపెట్టవలసి వచ్చింది. వాటాదారులు విశేషంగా నష్టపోయారు. బ్రూనెల్ తన లోపాన్ని అంగీకరించి, ఆ పద్ధతిని నిలిపివేయవలసినదని తానే సలహా ఇచ్చాడు.

ఆయన కృషికి శిఖరం సాల్టాష్ వంతెన. డెవన్, కార్న్‌వాల్ సీమలను టేమార్ నది విడదీస్తుంది. ప్లిమత్ సమీపంలో సముద్రపు పోటు ఆ నదిలోకి ఎక్కి వస్తుంది. సాల్టాష్ వద్ద నది వెడల్పు సుమారు 1,100 అడుగులు. నడుమ లోతు పోటువేళ దాదాపు 70 అడుగులు. యుద్ధనౌకల తెరచాప స్తంభాలు తగలకుండా వంతెన నీటిమట్టానికి 100 అడుగుల ఎత్తున ఉండాలని నౌకాదళం నిబంధన విధించింది. నదిలో పరంజా కట్టి, దానిపై వంతెనను నిర్మించే అవకాశం లేదు. అంతటి భారాన్ని అంత ఎత్తుకు ఎత్తగల క్రేన్ ఆనాడు లోకంలో లేదు.

బ్రూనెల్ తొందరపడలేదు. మొదట నదీగర్భాన్ని తెలుసుకొనడానికి 6 అడుగుల వ్యాసం గల ఇనుప గొట్టాన్ని రెండు పాత ఓడల నడుమ నుండి నదిలోకి దింపించి, 175 చోట్ల బెజ్జాలు వేయించి, బురద క్రింది రాతిపొర ఆకారాన్ని గుర్తింపజేశాడు. ఆ రాయి ఒక ప్రక్కకు వాలి ఉన్నదని తేలింది. అప్పుడు 37 అడుగుల వ్యాసం గల మరొక మహా గొట్టాన్ని నిర్మించి, దాని అడుగు అంచును రాతి వాలుకు సరిపోయేటట్లు ఏటవాలుగా కత్తిరింపజేశాడు. 1854లో దానిని తేల్చి నది నడుమకు చేర్చి దించారు. అంచులోని గదులలోకి అధిక పీడనంతో గాలిని పంపి నీటిని వెళ్లగొట్టి, ఆ గాలిలో కూలీలు బురద తీసి, రాయి చదును చేశారు. 1856 చివరకు గొట్టం లోపల రాతికట్టడపు స్తంభం నీటికి పైగా వచ్చింది. తరువాత గొట్టాన్ని విప్పి తొలగించారు. ఎనభై అడుగులకు మించిన లోతున స్థిరమైన పునాది ఏర్పడింది.

ఆ స్తంభానికి ఇరువైపుల ఒక్కొక్కటి 455 అడుగుల పొడవు గల రెండు మహా చట్రాలు నిలవాలి. విల్లువలె వంగిన ఇనుప గొట్టం పైన, దానికి ఎదురుగా వ్రేలాడే ఇనుప గొలుసులు క్రింద. ఒక్కొక్క చట్రం బరువు వేయి టన్నులకు పైమాటే. వాటిని ఒడ్డునే నిర్మించి, నీటిపై తేల్చి తెచ్చి, స్తంభాలపైకి ఎత్తాలని బ్రూనెల్ నిశ్చయించాడు. ఈ మార్గం ఆయనకు క్రొత్త కాదు. 1849లో ఆయన మిత్రుడు రాబర్ట్ స్టీఫెన్సన్ వేల్స్‌లోని మెనాయ్ జలసంధిపై బ్రిటానియా వంతెన గొట్టాలను తేల్చినప్పుడు బ్రూనెల్ అక్కడ నిలిచి చూశాడు. రైలుపట్టాల వెడల్పు విషయంలో వారిద్దరూ ప్రతిపక్షులు. ఆపదలో మాత్రం ఆప్తులు. ఆనాడు గొట్టాన్ని పైకెత్తుతుండగా ఒక హైడ్రాలిక్ జాకీ పగిలింది. ఎత్తిన ప్రతి అంగుళం క్రిందా ఆధారం పేర్చుతూ రావడంవలన గొట్టం కొద్ది అంగుళాలు మాత్రమే జారి నిలిచింది. ఆ ముందుజాగ్రత్తను బ్రూనెల్ మరువలేదు.

1857 సెప్టెంబరు 1వ తేదీ వచ్చింది. ఒడ్డున ఉన్న చట్రం రెండు కొనల క్రిందా ఇరుకైన కాలువలు త్రవ్వి, వాటిలోకి పెద్ద పెద్ద ఇనుప పంటులను చేర్చారు. మొదట పంటులలో నీరు నింపి ముంచి ఉంచారు. పోటు ఎక్కుతుండగా ఆ నీటిని వెలికి తోడారు. పంటులు మెల్లగా పైకి లేచి, వేయి టన్నుల చట్రాన్ని తమ వీపులపై మోశాయి. నదిలో లంగరు వేసిన ఓడలపైనుండి మోకులు సాగాయి. కొన్ని వందలమంది పనివారు తమ తమ స్థానాలలో నిలిచారు. ప్రతి మోకుకు ఒక సంకేతం. ప్రతి సంకేతానికి ముందుగానే అభ్యాసం. బ్రూనెల్ చట్రం నడుమ కట్టిన ఎత్తయిన వేదికపై నిలిచి జెండాలతో ఆజ్ఞలు ఇచ్చాడు. ఇరుదరుల వేలాది జనం గుమికూడినా, ముందుగా కోరిన ప్రకారం ఎవరూ నోరు మెదపలేదు. చట్రం నది నడుమకు వచ్చి, నెమ్మదిగా తిరిగి, తన స్తంభాల వద్దకు చేరింది. ఆటు మొదలై నీరు తగ్గగానే చట్రం స్తంభాలపై నిలిచింది; పంటులు తేలికపడి తొలగిపోయాయి. అప్పుడు గాని వాద్యాలు మ్రోగలేదు, జయజయధ్వానాలు మిన్నుముట్టలేదు. ఆ తరువాత చట్రాన్ని హైడ్రాలిక్ జాకీలతో మూడేసి అడుగుల చొప్పున ఎత్తుతూ, క్రింద స్తంభాన్ని కట్టుకుంటూ పోయారు. 1858 జూలై నాటికి అది పూర్తి ఎత్తుకు చేరింది.

ఇక రెండవ దినం. అప్పటికే బ్రూనెల్ లండన్‌లోని మిల్‌వాల్ వద్ద గ్రేట్ ఈస్టర్న్ అనే మహానౌకను నిర్మింపజేస్తున్నాడు. 692 అడుగుల పొడవు. నాలుగువేల మంది ప్రయాణికులకు చోటు. ఒకదానిలో ఒకటిగా రెండు ఇనుప పొరల దేహం. తెడ్ల చక్రాలతో పాటు ప్రొపెల్లర్, వాటికి తోడు తెరచాపలు. దారిలో ఎక్కడా బొగ్గు ఎక్కించుకోకుండా ఆఫ్రికా చుట్టి తూర్పు దేశాలకు సాగాలన్నది సంకల్పం. ఇంతటి నౌక థేమ్స్ నదిలోకి ముక్కు ముందుగా దిగితే ఎదుటి ఒడ్డును తాకుతుంది. అందువలన దానిని నదికి సమాంతరంగా నిర్మించి, ఏటవాలు దారిపై ప్రక్కగా జార్చాలని ఏర్పాటు చేశారు. నిర్మాణ బాధ్యత వహించిన జాన్ స్కాట్ రసెల్ దివాలా తీశాడు. ధనం కొరవడింది. తాను కోరినన్ని హైడ్రాలిక్ జాకీలు బ్రూనెల్‌కు సమకూరలేదు.

1857 నవంబరు 3న జలప్రవేశానికి ముహూర్తం నిర్ణయమైంది. సాల్టాష్‌లో వలె పని జరిగే చోట పూర్తి నిశ్శబ్దం ఉండాలని బ్రూనెల్ ముందుగానే కోరాడు. కాని నౌకా సంస్థ నిర్వాహకులు ఆయనకు తెలియజేయకుండా వేలకొద్దీ టిక్కెట్లు అమ్మారు. జనం నౌకాశాలలోకి వరదవలె వచ్చి, పనివారి మధ్యనే నిలిచారు. ఆజ్ఞలు వినబడని స్థితి ఏర్పడింది. ఇంతలో నౌక వెనుకభాగం ఒక్కసారిగా కొన్ని అడుగులు జారింది. గొలుసు లాగిన వేగానికి దానిని అదుపుచేసే చక్రపు పిడి గిర్రున వెనుకకు తిరిగి, కార్మికులను గాలిలోకి విసిరివేసింది. పలువురు గాయపడ్డారు, ప్రాణనష్టమూ జరిగింది. ఆ తరువాత నౌక మరి కదలలేదు.

ఆ పరాభవానికి గుంపు ఒక్కటే కారణం కాదు. ఇనుప దారిపై ఇనుప ఆధారం జారగలదన్న బ్రూనెల్ అంచనా ఆయన తలచినట్లు ఫలించలేదు. ఆ పొరపాటు ఆయనదే. శీతకాలమంతా ఆయన ఆ బురదలో, చలిలో నిలిచి ఒక్కొక్క అంగుళం నౌకను నదివైపు త్రోయించాడు. గొలుసులు తెగాయి; జాకీలు పగిలాయి; పత్రికలు పరిహసించాయి. ఆరోగ్యం క్షీణిస్తున్నా స్టీఫెన్సన్ వచ్చి ఆయన ప్రక్కన నిలిచాడు. దేశంలో దొరికిన జాకీలన్నిటినీ క్రమంగా సమకూర్చారు. చివరకు 1858 జనవరి 31న పోటు ఎక్కినవేళ నదీజలం తానుగా వచ్చి ఆ మహానౌకను ఎత్తుకుంది.

ఆ విజయానికి మూల్యంగా బ్రూనెల్ తన ఆరోగ్యాన్ని చెల్లించాడు. మూత్రపిండాల వ్యాధి సోకినదని వైద్యులు నిర్ధారించారు. వారి సలహాపై 1858 శీతకాలంలో ఈజిప్టుకు వెళ్లాడు. సాల్టాష్ వంతెన రెండవ చట్రాన్ని ఆయన పరోక్షంలో సహాయకుడు బ్రెరెటన్ తేల్చి నిలిపాడు. గురువు లేకున్నా పని ఆగలేదు. ప్రతి అడుగూ ముందే నిర్దేశించి ఉంచిన ఏర్పాటుకు అదే నిదర్శనం. 1859 మే 2న ప్రిన్స్ ఆల్బర్ట్ వంతెనను ప్రారంభించాడు. ఆ ఉత్సవంలో దాని నిర్మాత లేడు. తరువాత ఒకనాడు, పైకప్పులేని రైలుబండిలో పరుపుపై పరుండి, బ్రూనెల్ తన వంతెనను నెమ్మదిగా దాటాడు. క్రింద టేమార్, పైన తాను ఎత్తించిన ఇనుము. ఉత్సవం లేదు, జనం లేరు.

1859 సెప్టెంబరు 5న గ్రేట్ ఈస్టర్న్‌పై ఉండగానే ఆయనకు పక్షవాతం వచ్చింది. నాలుగు రోజుల తరువాత తొలి ప్రయాణంలోనే ఆ నౌకలో పేలుడు సంభవించి కొందరు కార్మికులు మరణించారు. ఆ వార్త విన్న కొద్ది రోజులకు, సెప్టెంబరు 15న, యాభైమూడవ ఏట బ్రూనెల్ కన్నుమూశాడు. నెల తిరగకుండానే స్టీఫెన్సన్ కూడా మిత్రుని అనుసరించాడు.

ప్రయాణికుల నౌకగా గ్రేట్ ఈస్టర్న్ లాభం గడింపలేదు. కాని అది వ్యర్థం కాలేదు. సముద్రగర్భంలో వేయవలసిన తంతిని అంతటినీ ఒక్కమారే మోయగల నౌక లోకంలో అదొక్కటే. 1866లో అట్లాంటిక్ అడుగున నిలిచి పనిచేసిన తంతిని అదే వేసింది. అంతకు ముందటి సంవత్సరం తెగి రెండు మైళ్లకు మించిన లోతున పడిన తంతిని గాలపు కొక్కేలతో వెదకి పైకి తీసింది. 1870లో బొంబాయి నుండి ఏడెన్ వరకు సముద్ర తంతి వేసిందీ ఆ నౌకే. భారతదేశానికి బ్రిటన్‌తో సముద్రమార్గాన తంతి సంబంధం ఆ సంవత్సరమే ఏర్పడింది. ప్రయాణికులను మోయడానికి పుట్టిన నౌక, సముద్రంలో నిర్మాణం చేసే నౌకగా సార్థకమైంది.

ఒకే మనిషి, ఒకే సంవత్సరం, ఒకే విద్య. సాల్టాష్‌లో గెలుపు, మిల్‌వాల్‌లో ఓటమి. సాల్టాష్‌లో లెక్క సరిచూసుకునే వ్యవధి ఉంది. పనివారికి అభ్యాసం ఉంది. ఒక్కరి ఆజ్ఞ అందరికీ చేరే నిశ్శబ్దం ఉంది. భారాన్ని మెల్లమెల్లగా తనపైకి తీసుకునే నీరు ఉంది. మిల్‌వాల్‌లో ధనం లేదు, వ్యవధి లేదు, నిశ్శబ్దం లేదు; నౌకను నీటి దరికి చేర్చే మార్గంలో అంచనా తప్పింది. నేడు సముద్రం మీద క్రేన్ నౌక భారమెత్తేవేళ కూడా గాలి, అలలు అనుకూలించేవరకు రోజుల తరబడి వేచి ఉంటారు. ఎత్తవలసిన బరువును, దాని గురుత్వకేంద్రాన్ని మరల మరల సరిచూస్తారు. ఆజ్ఞ ఒక్కరిదే ఉంటుంది. సాల్టాష్ దినం చూపిన క్రమం అందులో కనిపిస్తుంది. మిల్‌వాల్ దినం చేసిన హెచ్చరికా కనిపిస్తుంది.

టేమార్ నదిపై ఆ వంతెన నేటికీ రైళ్లను మోస్తోంది. ఆయన మరణానంతరం దాని ముఖద్వారాలపై నిర్మాత పేరు, 1859 అనే సంవత్సరం పెద్ద అక్షరాలలో నిలిపారు. రైలులో దాటిపోయేవారు ఆ పేరును చదువుతారు. వారి క్రింద, ఎనభై అడుగులకు మించిన లోతున, నీటిలోనూ బురదలోనూ మరుగుపడిన రాతి స్తంభం ఎవరికీ కనిపించదు. రెండు మహా చట్రాల నడిమి కొనల భారం దానిమీదనే ఉంది.